నేరేడు చెట్టు నివాస ధ్రువపత్రం

ఉన్నట్టుండి ఒక ఏడాది ప్రభుత్వం వారికి స్థానిక మొక్కల మీద ప్రేమ పుట్టింది. ప్రభుత్వం వారి ప్రేమ సంగతి ఎరిగినవాళ్ళు ఇలాంటప్పుడు తమ సొత్తు ఏదైనా ఉంటే కాస్త చాటుకు సర్దుకుంటారు. మొక్కలకు ఆ సదుపాయం లేదు. ఎక్కడివక్కడే నిలబడి ఉంటాయి కనక ప్రేమ తిన్నగా వచ్చి వాటికి తగిలింది.

ఆ ప్రేమకు ఒక విభాగం పెట్టారు. పేరు స్థానిక జీవజాల ధ్రువీకరణ విభాగం. విభాగమన్నాక ఒక అధికారి ఉండాలి, అధికారి అన్నాక ఒక జీపు ఉండాలి, జీపన్నాక అది ఎక్కడికో ఒకచోటికి పోవాలి గదా. అది రాళ్ళవాగుపాడు దగ్గరున్న పిట్టలదిబ్బకు వచ్చింది.

పిట్టలదిబ్బ పెద్ద కొండేమీ కాదు. ఊరికి పడమరగా ముప్ఫై ఎకరాల రాతిగుట్ట. పన్నెండేళ్ళ కిందట దాని మీద సర్కారు తుమ్మ తప్ప మరో పచ్చని ఆకు ఉండేది కాదు. ఇప్పుడు అక్కడ తంగేడు ఉంది, బలుసు ఉంది, రేల, మోదుగ, కలివి, పరికి ఉన్నాయి. కౌజు పిట్టలున్నాయి, కుందేళ్ళున్నాయి, ఉడుములున్నాయి. ఒళ్ళంతా పొలుసులుండే అలుగు కూడా ఒకటి ఉందంటారు గాని దాన్ని చూసినవాడు ఒక్కడే, వాడి మాట ఇంట్లో పెళ్ళామే నమ్మదు. జీతం బత్తెం లేకుండా ఇదంతా చేసింది గుట్ట కాపు సంఘం వాళ్ళు. పదకొండు మంది. ఆదివారమైతే చాలు, గడ్డపారలు భుజాన వేసుకుని పోయి సర్కారు తుమ్మను వేళ్ళతో సహా పెకలించేవాళ్ళు. ఎండాకాలం నిప్పు పాకకుండా గుట్ట చుట్టూ బాట చెక్కేవాళ్ళు. రాతి తొట్లలో నీళ్ళు పోసేవాళ్ళు. మేకలు వస్తే బతిమాలి పంపేవాళ్ళు.

ఈ సంఘానికి ఒక వింత కట్టుబాటు ఉంది. వాళ్ళు మొక్కలు నాటరు. జిల్లాలో ప్రతి ఆఫీసువాళ్ళూ ఏడాదికి నాలుగుసార్లు అదే గుంతలో అదే మొక్కను నాటి ఫోటో దిగుతుంటే, వీళ్ళు పన్నెండేళ్ళలో ఒక్క మొక్క నాటలేదు. ఎందుకని అడిగితే సంఘం పెద్ద మస్తానయ్య ఒకటే మాట చెప్పేవాడు.

"గుట్టకు తెలవదా ఏం మొలిపించుకోవాలో? మనం అడ్డం తీస్తే చాలు. పిట్టేసిన గింజ ఎట్టా మొలవాలో పిట్టకీ గింజకీ తెలుసు. మజ్జెన మనం పెద్దమనుషులం ఎందుకు?"

గోగుల మస్తానయ్య కరెంటు లైన్‌మన్‌గా ముప్ఫై మూడేళ్ళు చేసి రిటైరైన మనిషి. లైన్‌మన్ పనంటే తీగలు చూసుకోవడమని లోకం అనుకుంటుంది గాని అందులో సగం చెట్లు నరకడమే. గాలివానలు మొదలయ్యే ముందు తీగలకు తగిలే కొమ్మలన్నీ కొట్టెయ్యాలి. మస్తానయ్య కొట్టిన కొమ్మలన్నీ ఒకచోట పేరిస్తే పిట్టలదిబ్బకు ఇంకో దిబ్బ తోడయ్యేది. రిటైరైన మర్నాడు పొద్దున్నే గడ్డపార పట్టుకుని గుట్టకు బయల్దేరాడు. "ముప్ఫై మూడేళ్ళు నరికిన పాపం, ఇంకో ముప్ఫై మూడేళ్ళన్నా కడుక్కోవాల" అన్నాడు. ఆ లెక్కన తొంభై ఒక్క ఏళ్ళు బతకాలి. "బతుకు, ఎవురొద్దన్నారు? వచ్చేటప్పుడు నాలుగు పుల్లలు పట్టుకురా" అంది భార్య లక్కమ్మ.

గుట్ట మీద కాదు గాని, దాని అడుగున ఒక పాత నేరేడు చెట్టు ఉంది. మస్తానయ్య పాపంలో పెద్దవాటా దానిదే. పాత పదకొండు కేవీ లైను దాన్ని ఒరుసుకుంటూ పోయేది. ఏటా మే నెలలో, పిందెలతో ఉన్న తూర్పు కొమ్మల్ని అతను కొట్టేవాడు. ఏటా అది మళ్ళీ కొమ్మలు వేసేది. ముప్ఫై మూడేళ్ళు ఇద్దరికీ ఇదే పేచీ. అతను రిటైరైన ఏడే లైనును రోడ్డుపక్కకు మార్చారు. అప్పటికి చెట్టు తూర్పువైపంతా బోడి అయిపోయింది. ఇప్పుడిప్పుడే నాలుగు రెమ్మలు తొంగిచూస్తున్నాయి. మస్తానయ్య రోజూ గుట్ట ఎక్కేముందు ఆ బోడివైపు మచ్చల మీద చెయ్యేసి ఒకసారి నిమిరి పోతాడు. ఎవరైనా చూస్తుంటే చీమలు దులుపుతున్నట్టు నటిస్తాడు.

సరే, జీపు వచ్చింది. అందులోనించి ప్రత్యేక అధికారి ఛాయాపతి గారు దిగారు. మార్చి నెల ఎండ. ఆయన మంచి మనిషి. కోపం లేదు, లంచం లేదు. ఆయనకున్నది ఒక ఫారమూ, అందులో పద్నాలుగు గళ్ళూ. అంతకన్నా ప్రమాదకరమైన మనిషి ఉంటాడని మస్తానయ్యకు అప్పటికి తెలియదు.

"ఇచ్చట గల జీవజాలము స్థానికమైనదని తమరు చెప్పుచున్నారు. ఆధారమేమి?" అన్నారు ఛాయాపతి గారు. ఆయన మాట్లాడినా అచ్చు వేసినట్టే ఉంటుంది.

"ఆధారం ఏందయ్యా, అదిగో కళ్ళెదురుగా నిలబడుంది గదా."

"నిలబడి యుండుట నివాసమునకు ఆధారము కాజాలదు. నేను సైతము ఇచ్చట నిలబడి యున్నాను."

 మస్తానయ్య సంఘం కార్యదర్శి సలోమి వైపు చూశాడు. సలోమి ఊరి పోస్టాఫీసును ఇరవై ఎనిమిదేళ్ళు నడిపిన మనిషి. కాగితం ఎటునించి వచ్చినా బెదరదు. ఆమె ఫారం అందుకుని కళ్ళజోడు పెట్టుకుంది.

మొక్క పేరు. తండ్రి పేరు. నాటినవారి పేరు, హోదా. నాటిన తేదీ. నాటుచుండగా తీసిన ఫోటో. పదిహేనేళ్ళ కిందటి ఉగాది నాటికి, అంతకుముందు వరసగా ఏడేళ్ళు ఇక్కడే నివసించినట్టు రుజువు. పదిహేనేళ్ళే ఎందుకో ఎవరూ అడగలేదు. పుట్టుమచ్చలు రెండు.

"నాటినోళ్ళెవరూ లేరు సార్. అయ్యే మొలిచినాయి" అంది సలోమి.

ఛాయాపతి గారి ముఖం గంభీరమైంది. "అనుమతి లేకయే మొలిచినవని తమరు వ్రాతపూర్వకముగా అంగీకరించెదరా?"

సలోమి అంగీకరించలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో అంగీకరించి బాగుపడినవాణ్ణి ఆమె చూడలేదు. ఫారాలు పుచ్చుకుని నెలరోజులు కూర్చుని మూడు వందల పదకొండు మొక్కలకు నింపింది. గడ్డికి తండ్రి పేరు దగ్గర ఆగి ఆలోచించి, పుప్పొడి మోసేది గాలే గనక, 'గాలి' అని నిజమే రాసింది. వారంలో జవాబు వచ్చింది. 'గాలి యొక్క నివాస ధ్రువపత్రము జతపరచబడలేదు.'

తనిఖీలో ఇంకా చాలా విషయాలు బయటపడ్డాయి. రేలచెట్లు ఆకులు రాల్చి నిలబడి ఉండటం చూసి వాటిని గైర్హాజరుగా రాసుకున్నారు. కోకిలను సంరక్షకుల పేరు అడిగారు. అది కాకి గూట్లో పెరిగిందని సలోమి చెబితే, దత్తత పత్రం తెమ్మన్నారు. చలికాలం వచ్చి పోయే బాతుల్ని స్థానికేతరుల కోటాలో వేసి, అవి పదిహేను శాతం మించకుండా చూసుకునే బాధ్యత మస్తానయ్యకు అప్పగించారు. మించిన బాతుల్ని ఏంచెయ్యాలని అడిగితే, "మర్యాదగా వెనుకకు పంపవలెను" అన్నారు ఛాయాపతి గారు. అలుగు గురించి మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. అది కనపడలేదు గనక దానిమీద ఏ అభ్యంతరమూ లేదు.

ఏప్రిల్లో పిట్టలదిబ్బకు మొదటి ధ్రువపత్రం వచ్చింది. సంఘం వాళ్ళంతా గబగబా పోగయ్యారు. సలోమి కవరు చించి చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది.

"ఎవురికొచ్చిందమ్మా?" అన్నాడు మస్తానయ్య.

"సర్కారు తుమ్మకు, అన్నా."

నిజమే మరి. సముద్రాల అవతలి నించి వచ్చిన ఆ ముళ్ళచెట్టు గింజల్ని తాతల కాలంలో సర్కారే చల్లించింది. పేరు కూడా అట్లాగే వచ్చింది. చల్లించిన అధికారి పేరు ఉంది, హోదా ఉంది, తేదీ ఉంది, గింజలు చల్లిన మనిషి వేలిముద్ర ఉంది, గోధుమరంగుకు తిరిగిన ఫోటో ఉంది. పద్నాలుగు గళ్ళకు పద్నాలుగూ నిండాయి. జిల్లాలో కాగితాలన్నీ సక్రమంగా ఉన్న చెట్టు అదొక్కటే. దాంతో అది స్థానికుడు నంబర్ ఒకటి అయి కూర్చుంది.

ధ్రువపత్రం వెనకాలే నోటీసు వచ్చింది. 'ధ్రువీకరింపబడిన స్థానికుని గత పన్నెండు సంవత్సరములుగా వేళ్ళతో సహా వెళ్ళగొట్టుచున్నందుకు తమపై చర్య ఏల తీసుకొనరాదో' పదిహేను రోజుల్లో చెప్పాలట. గుట్ట కింద ఎండబెట్టిన తుమ్మ మొద్దుల కుప్ప ఉంది. సంఘం వాళ్ళందరూ ఒకసారి దానివైపు చూసి, వెంటనే వేరేవైపు చూశారు.

 మస్తానయ్య నోటీసు చేతపట్టుకుని ఛాయాపతి గారి ఆఫీసుకు పోయాడు. సలోమి కూడా వెళ్ళింది. ఛాయాపతి గారు కుర్చీ వేయించి మంచినీళ్ళు ఇప్పించారు.

"నేను నిర్దయుడను కాను. తమ సేవ ప్రశంసనీయము. కావుననే మీకొరకు ఒక మార్గము అన్వేషించితిని. కుటుంబ పత్రము."

అదేమిటో ఆయన విడమరిచి చెప్పారు. గుట్ట అంతా ఒక్క ఇల్లు అనుకోవాలి. ఇంటికి ఒక పెద్ద ఉంటాడు. ఆ పెద్దకు రుజువులుంటే చాలు, మిగిలిన చెట్లూ పిట్టలూ కుందేళ్ళూ అతని మీద ఆధారపడినవాళ్ళుగా కార్డులో చేరిపోతాయి. విడివిడిగా ఏ కాగితమూ అక్కర్లేదు. జూన్ ముప్ఫయ్యో తేదీ లోపల పెద్ద ఎవరో తేల్చాలి.

"తేల్చకపోతే?" అంది సలోమి.

"తమ సంఘమునకు గల సంరక్షణ హక్కు రద్దగును. గుట్టను చదును చేసి నమూనా స్థానిక వనము నిర్మింపబడును. అందు ధ్రువపత్రము గల మొక్కలు మాత్రమే నాటబడును."

ధ్రువపత్రం ఉన్న మొక్క ఏదో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. ఛాయాపతి గారు గొంతు తగ్గించి ఆప్యాయంగా అన్నారు. "ఇంతకన్న సులభమేమున్నది? సర్కారు తుమ్మను కుటుంబ పెద్దగా చూపుడు. నేడే సంతకము చేసెదను."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సలోమి మెల్లగా మొదలుపెట్టింది. "పేరుకే గదన్నా. కాయితం మీద తుమ్మని పెద్దని రాయిద్దాం. గుట్టయితే మిగిల్తది."

"ఆ కాయితం రెండో పక్క చదివినావా?"

చదవలేదు. ఆమె తిప్పి చూసింది. కుటుంబ పెద్దను ఆ ఇంటినుంచి కదల్చరాదు. పెద్ద యొక్క సంతానమునకు ఇంట చోటు నిరాకరింపరాదు.

"ఒక్క వానకి దాని సంతానం ఎంతమందో నీకు తెలుసు" అన్నాడు మస్తానయ్య. "రెండేళ్ళు. రెండేళ్ళల్లో మనోళ్ళు ఒక్కరు మిగలరు గుట్టమీద. కౌజు పిట్టకి కూసోను కొమ్మ ఉండదు. పన్నెండేళ్ళు నేను మోసిన నీళ్ళు ఎవురికమ్మా, ఆ ముళ్ళ ముండాకొడుక్కా?"

బస్సులో ముందుసీటు ఆయన వెనక్కి తిరిగి చూశాడు. తన గురించి కాదని తెలుసుకుని మళ్ళీ ముందుకు తిరిగాడు.

గుట్టమీద మొక్కలన్నీ పన్నెండేళ్ళలోపువి. పదిహేనేళ్ళ కిందటి ఉగాదికి ఉన్నదల్లా తుమ్మా, నేరేడు చెట్టూ. కనక పెద్ద కాగలిగితే నేరేడే కావాలి. సంఘం తీర్మానం చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. రుజువు ఎక్కణ్ణించి తేవాలన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఊళ్ళో అందరికన్నా పెద్దది తొంభై నాలుగేళ్ళ చెంచమ్మవ్వ. ఆమెను మంచం మీద మోసుకొచ్చి ఛాయాపతి గారి ముందు దించారు.

"నేను కాపరానికొచ్చిన్నాడే ఆ చెట్టు అంతుంది నాయనా. దానికింద బండి దిగే ఏడ్చినా" అంది అవ్వ.

"మౌఖిక సాక్ష్యము. అయినను పరిశీలింతము. అవ్వగారి జనన ధ్రువపత్రమేది?"

అవ్వ దగ్గర లేదు. ఆమె పుట్టిందన్న సంగతే తేలనప్పుడు ఆమె ఏడ్చిందన్న సంగతి ఎట్లా తేలుతుందని ఛాయాపతి గారు అడిగారు. అవ్వను మళ్ళీ మోసుకుపోయారు. దారి పొడుగునా ఆమె ఆయన వంశాన్ని మంచి మాటలతో తలుచుకుంది.

జూన్ ఇరవయ్యో తేదీన ఛాయాపతి గారే గుట్టకు వచ్చారు. నేరేడు విరగకాసి ఉంది. కింద నేలంతా ఊదారంగు. ఆయన ఒక పండు నోట్లో వేసుకుని, మరొకటి వేసుకుని, చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి ప్రకటించారు.

"నిరాశ వలదు. శాస్త్రీయ మార్గమొకటి యున్నది. చెట్టు యొక్క వయస్సు దాని కాండములోని వలయములను లెక్కించుట ద్వారా నిర్ధారింపబడును. ఏడాదికొక వలయము."

"ఎట్టా లెక్కబెడతారయ్యా?"

"కోసి."

మస్తానయ్యకు ముందు అర్థం కాలేదు.  అర్థమయ్యాక అక్కడే ఒక రాతిమీద కూర్చున్నాడు.

"సన్న బర్మాతో చిన్న చిల్లి పెట్టి లోపలి కట్టె తీసి చూడొచ్చంట గదా సార్. చదివినాను" అంది సలోమి.

"వాస్తవమే. అయితే మా విభాగమునకు రంపము మంజూరైనది. బర్మా మంజూరు కాలేదు." ఆయన ఇంకో పండు తిన్నారు. నాలుక ఊదారంగుకు తిరిగింది. "కోయబడిన పిమ్మట ఇది నిస్సందేహముగా స్థానికమని తేలగలదు. ధ్రువపత్రము ఆరు వారములలో అందును. ఐతే కుటుంబ పెద్ద మరణించినందున మరణ ధ్రువపత్రము, తదుపరి వారసత్వ ధ్రువపత్రము పొందవలసి యుండును. వారసులలో పెద్ద ఎవరన్న వివాదము రాకుండ చూచుకొనుడు."

"చంపి, బతికుందని కాయితం ఇస్తారా అయ్యా?" అన్నాడు మస్తానయ్య.

"బతికి యున్నదని కాదు. నివసించినదని." ఛాయాపతి గారు ఓపికగా సరిదిద్దారు. తర్వాత సంచిలోంచి ఇంకో కాగితం తీశారు. "మా సిబ్బందికి చెట్లెక్కు అనుభవము లేదు. మొదట కొమ్మలు దించవలెను. ఈ ప్రాంతమున ఆ పని తెలిసిన అనుభవజ్ఞుడు ఎవరని విచారింపగా, తమ పేరే అందరును చెప్పిరి. ఇరువది ఎనిమిదవ తేదీ, ఉదయము పదకొండు గంటలు."

ఉత్తర్వు మస్తానయ్య చేతిలో పెట్టారు. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అటు తుమ్మను పెద్దను చేస్తే గుట్ట పోతుంది. నేరేడును కోస్తే గుట్ట దక్కుతుంది, చెట్టు పోతుంది. ఏదీ చెయ్యకపోతే రెండూ పోతాయి. ఆరు రోజులు మస్తానయ్య ఇల్లు కదల్లేదు. గుట్టకూ పోలేదు. చెట్టు ముఖం చూడటానికి సిగ్గేసింది. ముప్ఫై మూడేళ్ళు చెయ్యి నరికినవాణ్ణి చివరికి మెడ నరకమంటున్నారు.

ఇరవై ఆరో తేదీ మధ్యాహ్నం లక్కమ్మ అటక మీదనించి పాత మచ్చుకత్తి దించింది. తుప్పు పట్టి ఉంది. దాంతోపాటు మోకు, చర్మపు బెల్టు, చిన్న బొడిపె పెన్సిలు ఒకటి దారంతో బెల్టుకు కట్టి ఉన్నది కూడా దిగాయి.

"ఈ పెన్సిలెందుకయ్యా కట్టుకునేవాడివి?" అంది లక్కమ్మ దుమ్ము దులుపుతూ.

"కొమ్మలు కొట్టినాక రాయొద్దా? ఏ పోలు కాడ, ఏ చెట్టు, ఎన్ని కొమ్మలు, ఏ తేదీ. రిజిస్టర్లో రాసి సంతకం పెడితేనే గదా…"

అతను అక్కడ ఆగిపోయాడు. లక్కమ్మ వైపు చూశాడు. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాడు. డెబ్భై ఏళ్ళ మనిషి ఎండలో అట్లా పోతుంటే ఎవరింట్లోనో షాకు కొట్టిందనుకుని నలుగురు వెంట వెళ్ళారు.

"సలోమమ్మా, దాన్ని సాకినోడు ఎవుడూ ఒక్క అక్షరం రాయలేదు. నరికినోడు రాసినాడమ్మా. ఏటేటా రాసినాడు. నేనే రాసినా" అన్నాడు ఆమె గుమ్మం దగ్గర రొప్పుతూ.

సలోమికి క్షణంలో బోధపడింది. చెప్పులు ఆమె వేసుకుంది, అతనికీ ఒక జత ఇచ్చింది. ఇద్దరూ కరెంటాఫీసుకు పోయారు. పాత రిజిస్టర్లు స్టోరు గదిలో కరెంటు స్తంభాలకు బిగించే, పగిలిన పింగాణీ గిన్నెల వెనక ఉన్నాయి. ఒకరోజున్నర వెతికారు. ముప్ఫై మూడేళ్ళలో రెండేళ్ళవి చెదలు తినేశాయి. ముప్ఫై ఒకటి దొరికాయి. ఆఫీసరు ఏమీ అనకుండా నకళ్ళ మీద ముద్రలు వేసి ఇచ్చాడు. మస్తానయ్య ఆ ఆఫీసరు చెయ్యి పట్టుకుని, కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు.

ఇరవై ఎనిమిదిన పదకొండు గంటలకు రంపం వచ్చింది. ఎర్ర రంగుది, కొత్తది, పిడికి ఇంకా ప్లాస్టిక్ కాగితం ఉంది. ఛాయాపతి గారు, నలుగురు సిబ్బంది, ఒక ఫోటోగ్రాఫరు. ఊరంతా చెట్టుకింద పోగైంది. చెంచమ్మవ్వ కూడా మంచం మీద వచ్చింది, తిట్టడానికి ఇంకా కొన్ని మాటలు మిగిలాయట.

మస్తానయ్య నకళ్ళ కట్ట ఛాయాపతి గారి చేతిలో పెట్టాడు. ఆయన మొదటిది చదివారు. పోలు నంబరు 47. నేరేడు. తూర్పు కొమ్మలు ఆరు. కొట్టివేయబడినవి. సంతకం, జి. మస్తానయ్య. రెండోది చదివారు. మూడోది చదివారు. ఒక్కొక్కటి చదివే కొద్దీ ఆయన ముఖం చవితి చంద్రుడు పున్నమి చంద్రుడైనట్టు వెలిగింది.

"ప్రభుత్వ దస్తావేజు. తేదీ. సంతకము. పోలు నంబరు. ఇంతటి పరిశుద్ధమైన రుజువును నా సర్వీసులో చూడలేదు. ఇది ఇన్నాళ్ళు ఏల దాచితిరి?" అన్నారు. కళ్ళు చెమర్చాయి కూడా.

"దాచలేదయ్యా. నా తప్పులని అనుకున్నా."

"ఒక్క సందేహము. ఈ రెండు సంవత్సరముల నమోదు లేదు. ఆ కాలమున చెట్టు ఎచ్చటికి వెళ్ళినది?"

సలోమి ముందుకొచ్చింది. "యాడికీ పోలేదు సార్. తరవాతేడు చూడండి, పన్నెండు కొమ్మలు. ఇంట్లో లేకపోతే అన్నెందుకు పెరుగుతాయి?"

ఛాయాపతి గారు ఆలోచించి, తలూపి, రంపాన్ని మళ్ళీ జీపులో పెట్టించారు. మస్తానయ్య చెట్టును కౌగిలించుకుని పెద్దగా ఏడ్చాడు. ఫోటోగ్రాఫరు దాన్ని 'నాటుచుండగా' అన్న గడికి తీసుకున్నాడు.

ముప్ఫయ్యో తేదీన కుటుంబ పత్రం చేతికి వచ్చింది. కుటుంబ పెద్ద: నేరేడు. తండ్రి పేరు: పోలు నంబరు 47. వృత్తి: లైనుకు అడ్డంకి. పుట్టుమచ్చలు: తూర్పు వైపున, అసంఖ్యాకములు. ఆధారపడినవారు: మొక్కలు మూడు వందల పదకొండు, కుందేళ్ళు, ఉడుములు, కౌజు పిట్టలు, కోకిల, అలుగు ఒకటి. అలుగు ఉందని అట్లా ప్రభుత్వమే రాసిచ్చింది. చూసినవాడు ఆ కాగితం నకలు తీయించి ఇంట్లో పెళ్ళానికి చూపించాడు.

మరి తుమ్మ? దానికి వేరే కార్డుంది. ఒక ఇంట్లో రెండు కార్డులు చెల్లవని రూలు. "స్థానికుడు నంబర్ ఒకటి వేరు కాపురమునకు చెందినవాడు. ఈ ఇంట ఉండరాదు. మర్యాదగా తొలగింపుడు" అన్నారు ఛాయాపతి గారు. ఆ మరుసటి ఆదివారం పదకొండు మందీ గడ్డపారలు తీసుకుని చాలా మర్యాదగా తొలగించారు.

కథ ఇక్కడ అయిపోతే ఎంత బాగుండేది. కాని ఆనాటి బస్సు ప్రయాణం తర్వాత సలోమి కాగితానికి రెండోపక్క చదవడం మానలేదు. ఈ పత్రము ఒక సంవత్సరము మాత్రమే చెల్లును. పునరుద్ధరణకు, నివాసము ఏ రిజిస్టరు ద్వారా రుజువైనదో అదే రిజిస్టరులో ఆ సంవత్సరపు నమోదు జతపరచవలెను. కొమ్మలు కొట్టని యెడల చెట్టు నివాసము విరమించినట్లు భావింపబడును.

"లైనే లేదు గదయ్యా అక్కడ" అని మస్తానయ్య మొత్తుకున్నాడు.

"లైను అవసరము లేదు. నమోదు చాలును" అన్నారు ఛాయాపతి గారు. మస్తానయ్యను ఆ ఒక్క చెట్టుకు గౌరవ లైన్‌మన్‌గా నియమించి ఉత్తర్వు కూడా ఇచ్చారు.

ఇప్పటికి ఇది మూడో మే. మస్తానయ్యకు డెబ్భై మూడు. మచ్చుకత్తి తుప్పు వదిలించి, మోకు కట్టుకుని, నేరేడు ఎక్కాడు. తూర్పువైపు కొమ్మలు ఈసారి బాగా వేసింది. చిటికెన వేలంత రెమ్మ కోసం చాలాసేపు వెతికాడు. పిందె లేని రెమ్మ ఒకటి దొరికింది.

"ఈ ఏటికి ఇదొక్కటీ ఇయ్యి తల్లీ. మిగతా పిల్లల కార్డు నిలబడాల" అని కొట్టాడు.

కింద సలోమి రిజిస్టరు తెరిచి కూర్చుంది. "ఎన్ని కొమ్మలన్నా?"

"ఒకటి. సన్నది."

"సన్నదని రాయను గడి లేదన్నా."

"అయితే ఒకటని రాయి."

రాసింది. అతను దిగివచ్చి, దారానికి కట్టిన పెన్సిలుతో సంతకం పెట్టాడు. తర్వాత తెగినచోటు కింద కాండం మీద చెయ్యేసి నిమిరాడు. సలోమి చూస్తూనే ఉంది. ఈసారి అతను చీమలు దులుపుతున్నట్టు నటించలేదు.